గొట్టం మారనప్పుడు గుండు మారింది
నున్నటి షాట్‌గన్‌తో జింకల వేట: గురి కోసం సాగిన ప్రయత్నాల చరిత్ర

నవంబర్, డిసెంబర్ నెలల్లో ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్, అయోవా వైపు ఉండే మన తెలుగువాళ్ళకు ఒక దృశ్యం బాగా అలవాటు. తెల్లవారకముందే గ్యాస్ స్టేషన్ల దగ్గర నారింజ రంగు జాకెట్లు వేసుకున్న మనుషులు కాఫీ తాగుతూ నిలబడి ఉంటారు. పక్కనే పికప్ ట్రక్కులు. ఆఫీసుల్లో ఆ వారం సెలవు అర్జీలు ఎక్కువ వస్తాయి. మాలాంటి గుమాస్తా ఉద్యోగాలవాళ్ళం వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటాం. కారణం అడిగితే ఒకటే మాట: డీర్ సీజన్.

మనకు ఇది కొంచెం ఇబ్బందిగానే అనిపిస్తుంది. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను వేటాడటం జైలుకు పోయే నేరం. ఇక్కడేమో ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి, ఎన్ని కొట్టవచ్చో లెక్క చెప్పి పంపిస్తుంది. ఈ వ్యాసం వేటను మెచ్చుకోవడానికి రాసింది కాదు, తిట్టడానికి రాసిందీ కాదు. మనం వింటున్న ఆ తుపాకి మోత వెనక ఒక చరిత్ర ఉంది. అది చాలామందికి తెలియదు. అందులో మన దేశానికి కూడా భాగం ఉంది. అందుకే రాస్తున్నాం.

విషయం ఏమిటంటే, పైన చెప్పిన రాష్ట్రాల్లో దశాబ్దాల పాటు జింకల వేటకు మామూలు రైఫిల్ వాడటానికి వీల్లేదు. షాట్‌గన్ మాత్రమే వాడాలి. షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. అది తయారైంది పిట్టల కోసం. చిన్న చిన్న సీసపు గుళ్ళను వల విసిరినట్టు చల్లుతుంది. అలాంటి తుపాకిలో ఒకే ఒక్క పెద్ద సీసపు ముద్దను పెట్టి, యాభై గజాల అవతల ఉన్న జింకను గురిచూసి కొట్టాలి. ఆ ముద్దనే ఇక్కడ స్లగ్ అంటారు. నున్నటి గొట్టంలోంచి అది సూటిగా పోవడం ఎలా సాధ్యమైంది?

పన్నెండు బోరు అంటే ఏమిటి?

మన ఊళ్ళలో పెద్ద రైతుల ఇళ్ళల్లో, బ్యాంకు వాచ్‌మన్ల చేతుల్లో ట్వెల్వ్ బోర్ తుపాకి చూసినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఆ పన్నెండు ఏమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది పాతకాలపు లెక్క. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని గుండ్రటి గుండుగా పోస్తే, ఆ గుండు ఏ గొట్టంలో సరిగ్గా పడుతుందో అది పన్నెండు బోరు. వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇరవై భాగాలు చేస్తే ఇరవై బోరు, దాని వెడల్పు 15.6 మిల్లీమీటర్లు. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

ఈ లెక్కలోనే ఒక సంగతి దాగి ఉంది. తుపాకి గొట్టాన్ని కొలిచింది ఒంటి గుండుతో. గుళ్ళు చల్లే తుపాకి అని మనం అనుకుంటున్న దానికి ఆదిలో ఒంటి గుండు కూడా సొంత పనే. మన పల్లెల్లో అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి వాడిన నాటు తుపాకిది కూడా నున్నటి గొట్టమే. మూతి వైపు నుంచి మందు పోసి, పీచు కుక్కి, ఇనుప కడ్డీతో కూరి, గుళ్ళో గుండో వేసేవారు. దగ్గరలో పనిచేసేది. దూరం పోతే దేవుడి దయ.

గుండు ఎందుకు దారి తప్పుతుంది?

ఈ ప్రశ్నకు మొదట శాస్త్రీయంగా జవాబు వెతికినవాళ్ళలో ముఖ్యుడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణిత శాస్త్రజ్ఞుడు. ఆయన 1742లో తుపాకి శాస్త్రం మీద పుస్తకం అచ్చువేశాడు. గుండు వేగాన్ని కొలవడానికి వేలాడే లోలకం ఒకటి తయారుచేశాడు. తుపాకి పేల్చితే గుండు ఆ లోలకానికి తగిలి అది ఎంత ఎత్తుకు ఊగిందో చూసి వేగం లెక్క కట్టేవాడు.

ఆయన కనిపెట్టింది ఇది. ఆనాటి మస్కెట్ తుపాకిలో గుండు గొట్టం కంటే చిన్నది. బ్రిటిష్ సైన్యం వాడిన బ్రౌన్ బెస్ గొట్టం ముప్పావు అంగుళం వెడల్పు, గుండు దాదాపు 0.69 అంగుళం. మసి పట్టినా త్వరగా కూరడానికి వీలుగా ఆ సందు వదిలేవారు. ఆ సందువల్ల గుండు గొట్టంలో ఆ గోడకూ ఈ గోడకూ తగులుతూ వస్తుంది. చివరగా ఏ గోడకు తగిలితే దానికి వ్యతిరేక దిక్కుగా బయటపడుతుంది. అంతేకాదు, తగిలిన చోట రాపిడి వల్ల గుండు తన చుట్టూ తాను తిరగడం మొదలుపెడుతుంది. ఏ వైపు తిరుగుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. తిరిగే గుండు గాలిలో వంకర పోతుంది.

క్రికెట్ చూసే మనకు ఇది చెప్పనక్కర్లేదు. స్పిన్నర్ వేసిన బంతి నేలను తాకకముందే గాలిలో పక్కకు జరగడం అందరం చూసిందే. రాబిన్స్ దీన్ని నిరూపించడానికి తుపాకి మూతిని ఎడమకు వంచి పేల్చాడు. గుండు మొదట ఎడమకు వెళ్ళింది, తర్వాత దూరం పోయేకొద్దీ కుడికి తిరిగింది. వంగిన గొట్టంలో గోడకు రాసుకుంటూ రావడంవల్ల వచ్చిన తిప్పుడే దానికి కారణం.

ఈ రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో చేరి, మద్రాసు వైపు కోటలను బాగుచేయించే పని మీద మన దక్షిణాదికి వచ్చాడు. 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు. గొట్టంలో గాళ్ళు తీసిన తుపాకి ఏ దేశం ముందు అలవరచుకుంటే ఆ దేశానిదే పైచేయి అవుతుందని ఆయన ముందే చెప్పాడు. గాళ్ళు అంటే గొట్టం లోపల మెలికలుగా చెక్కిన గీతలు. అవి గుండును ఒకే దిక్కుకు గిరగిరా తిప్పుతాయి. బొంగరం తిరుగుతున్నంతసేపు నిలబడినట్టు, గుండు కూడా ముక్కు ముందుకే ఉంచుకుని పోతుంది. అదే రైఫిల్.

గాళ్ళు ఒకరికి, నునుపు ఇంకొకరికి

రైఫిల్ యూరప్‌లో చాలా పాతదే. కానీ గాళ్ళలో బిగుతుగా గుండు కూరడానికి చాలా సమయం పట్టేది. ఆ చిక్కును ఫ్రాన్సు సైనికాధికారి మినియే 1849లో విప్పాడు. ఆయన గుండు మొన కోసుగా, అడుగు బోలుగా ఉంటుంది. గొట్టంలోకి సులువుగా జారుతుంది. పేలినప్పుడు మందు వాయువు ఆ బోలు అడుగును విప్పార్చి గాళ్ళకు పట్టిస్తుంది. ఈ పద్ధతి మీద వచ్చిందే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్. దాని తూటాకు చుట్టిన కొవ్వు కాగితాన్ని పళ్ళతో కొరకాల్సి రావడం, 1857 తిరుగుబాటు, ఇవన్నీ స్కూలు పుస్తకాల్లో చదువుకున్నవే.

ఆ తర్వాత జరిగింది మాత్రం పుస్తకాల్లో తక్కువ కనిపిస్తుంది. తిరుగుబాటు అణిచాక బ్రిటిష్ ప్రభుత్వం 1858 నమూనా అని ఒక తుపాకి తయారుచేసింది. చూడటానికి ఎన్‌ఫీల్డ్ లాగే ఉంటుంది. లోపల గాళ్ళు లేవు. నున్నగా తొలిచేశారు. తెల్ల సైనికుడికి రైఫిల్, మన సిపాయికి నున్నటి గొట్టం. దూరం నుంచి గురి పెట్టే శక్తి మళ్ళీ మనవాళ్ళ చేతిలో ఉండకూడదనే ఉద్దేశంతోనే ఈ పని చేశారు. 1878 ఆయుధాల చట్టం ఇంకొక మెట్టు పైకి వెళ్ళింది. మనవాడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్‌కు అక్కర్లేదు.

అదే కాలంలో దొరల షికారు కోసం ఒక వింత తుపాకి వచ్చింది. భారతదేశపు వాయవ్య సరిహద్దు యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన జార్జ్ ఫాస్బెరీ అనే సైనికాధికారి 1885లో పేటెంటు తీసుకున్నాడు. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ దాన్ని పారడాక్స్ అనే పేరుతో అమ్మింది. గొట్టం మొత్తం నున్నగా ఉండి, మూతి దగ్గర చివరి కొద్ది అంగుళాల్లో మాత్రం గాళ్ళు ఉంటాయి. గుళ్ళు వేస్తే పిట్ట పడుతుంది, గుండు వేస్తే వంద గజాల్లో పులి పడుతుంది. ఒకే తుపాకి, రెండు పనులు. కానీ ఖరీదు దొరలకు, సంస్థానాధీశులకు అందేదే. మామూలు మనిషికి మళ్ళీ మిగిలింది నున్నటి గొట్టమే.

ఇక్కడే మాకు ఈ చరిత్ర అసలు సంగతి కనిపిస్తుంది. గాళ్ళు అనేవి ఎక్కడ చూసినా డబ్బుకో అధికారానికో దగ్గరగా ఉన్నాయి. అవి దొరకని చోట గురి పెంచాలంటే ఒకటే దారి. గొట్టాన్ని వదిలేసి గుండును మార్చాలి.

లీప్‌జిగ్ నుంచి వచ్చిన తోక

1870ల్లో షాట్‌గన్లకు చోక్ ప్రచారంలోకి వచ్చింది. గొట్టం మూతి దగ్గర ఒక మిల్లీమీటరు దాకా ఇరుకు చేస్తే గుళ్ళు చెదరకుండా దగ్గరగా పోతాయి. ఇంగ్లండ్‌లో గ్రీనర్ అనే తుపాకుల తయారీదారు 1875 పోటీల్లో దీని సత్తా చూపించాడు. బాతుల వేటగాళ్ళు సంతోషించారు. ఒంటి గుండు వేసేవాళ్ళకు మాత్రం కొత్త తలనొప్పి. గొట్టానికి సరిపడే గుండు ఇరుకు మూతి దగ్గర ఇరుక్కుంటే గొట్టమే పగిలిపోవచ్చు. అందుకని గుండును ఇంకా చిన్నది చేశారు. అమెరికాలో దానికి గుమ్మడికాయ గుండు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. చిన్నదైన గుండు రాబిన్స్ చెప్పినట్టే గోడలకు కొట్టుకుంటూ వచ్చింది. ముప్పై, నలభై గజాలు దాటితే నమ్మకం లేదు.

దీనికి మంచి పరిష్కారం జర్మనీలోని లీప్‌జిగ్ నగరంలో దొరికింది. విల్‌హెల్మ్ బ్రెన్నెకే అనే తుపాకుల నిపుణుడు 1898లో కొత్త రకం స్లగ్ తయారుచేశాడు. ముందు గట్టి సీసపు దిమ్మ, దాని వెనక తేలికైన ఫెల్ట్ బిళ్ళ, రెంటినీ కలుపుతూ ఒక మర. గాలిలో కూడా ఆ బిళ్ళ ఊడిపోదు, తోకలా వెంటే పోతుంది.

ఇంటర్లో ఫిజిక్స్ చదివినవాళ్ళకు గురుత్వ కేంద్రం గుర్తుండే ఉంటుంది. బరువంతా ముందు, తేలిక భాగం వెనక ఉంటే, వస్తువు గాలిలో తనంతట తానే సర్దుకుంటుంది. షటిల్ ఆడేటప్పుడు కాక్‌ను ఎలా కొట్టినా చివరికి బుడిపె ముందుకు తిరుగుతుంది. బాణానికి ములికి ముందు, ఈకలు వెనక ఉండేది కూడా అందుకే. బొంగరంలా తిప్పలేనప్పుడు బాణంలా పంపాలి. బ్రెన్నెకే చేసింది అదే.

ఇంకో తెలివి కూడా ఉంది. స్లగ్ పక్కల ఏటవాలు గట్లు పోశాడు. చాలామంది ఈ గట్లు స్లగ్‌ను తిప్పుతాయని అనుకుంటారు. అమెరికాలో ఇలాంటి వాటికి రైఫిల్డ్ స్లగ్ అనే పేరే స్థిరపడింది. నిజానికి అవి తిప్పేది చాలా స్వల్పం. వాటి అసలు పని వేరు. స్లగ్ గొట్టానికి సరిపడా లావుగా ఉండి, ఇరుకు మూతి దగ్గరకు వచ్చినప్పుడు ఆ గట్లు నలిగి చోటిస్తాయి. అంటే సందూ ఉండదు, ఇరుక్కోవడమూ ఉండదు.

కరువు రోజుల స్లగ్

అమెరికాలో ఈ మార్పు 1930ల్లో వచ్చింది. అది మహామాంద్యం కాలం. 1933 నాటికి పనిచేసేవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు. పల్లెటూరి ఇంట్లో ఉండేది ఒకే తుపాకి, అది కూడా తాతల నాటి షాట్‌గన్. కుందేలుకూ, బాతుకూ, జింకకూ అదే. రైఫిల్ కొనే స్థోమత చాలామందికి లేదు. ఆ రోజుల్లో జింక అంటే ఆట కాదు, చలికాలానికి ఇంటిల్లిపాదికీ మాంసం.

అలాంటి వేటగాళ్ళ కోసం కార్ల్ ఫాస్టర్ అనే వ్యక్తి 1931లో ఒక స్లగ్ రూపొందించాడు. ఫెల్ట్ లేదు, మర లేదు. మొత్తం మెత్తటి సీసమే. మొన మందంగా, అడుగు బోలుగా ఉంటుంది. కుట్టుపనివాళ్ళు వేలికి తొడుక్కునే తొడుగును బోర్లించినట్టు అనుకోండి. మినియే కూడా అడుగు బోలు చేశాడు, కానీ గాళ్ళకు పట్టించడానికి. ఫాస్టర్ బోలు చేసింది ముఖ్యంగా బరువును ముందుకు జరపడానికి. పైగా పేలినప్పుడు ఆ పలచటి అంచు విప్పారి గొట్టానికి ఆనుకుంటుంది కాబట్టి సందు కూడా మూసుకుపోతుంది. తయారీ సులువు, ధర తక్కువ. 1930ల మధ్యకల్లా పెద్ద తూటాల కంపెనీలు దీన్ని అమ్మడం మొదలుపెట్టాయి. ఫాస్టర్‌కు పేటెంటు మాత్రం 1947లో వచ్చింది. ఈనాటికీ దుకాణాల్లో చవకగా దొరికే అమెరికన్ స్లగ్ ఇదే.

పన్నెండు బోరులో మామూలు ఫాస్టర్ స్లగ్ బరువు ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు. మూతి దగ్గర వేగం సెకనుకు దాదాపు 1,600 అడుగులు. వంద గజాలు చేరేసరికి అది వెయ్యి అడుగుల దరిదాపుల్లోకి పడిపోతుంది. లావుగా, పొట్టిగా ఉండటంవల్ల గాలి త్వరగా ఆపేస్తుంది. ఈ లక్షణమే తర్వాత చట్టాలు చేసేవాళ్ళను ఆకర్షించింది.

జింకలు తిరిగొచ్చిన కథ

ఇప్పుడు మన ఇళ్ళ వెనక తోటల్లో పూలమొక్కలు తినేసి పోతున్న జింకలను చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ, 1900 ప్రాంతంలో అమెరికా అంతటా కలిపి తెల్లతోక జింకలు సుమారు అయిదు లక్షలకు పడిపోయాయి. మాంసం, తోళ్ళ వ్యాపారం కోసం విచ్చలవిడిగా చంపారు. అడవులు నరికి పొలాలు చేశారు. ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్ లాంటి చోట్ల దాదాపు ఒక్కటి కూడా మిగల్లేదు.

1900లో వచ్చిన లేసీ చట్టం అక్రమంగా వేటాడిన జంతువులను రాష్ట్రాలు దాటించి అమ్మడాన్ని అడ్డుకుంది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకుల మీద, తూటాల మీద వచ్చే పన్నును వన్యప్రాణుల పునరుద్ధరణకు కేటాయించింది. బయటి నుంచి జింకలను తెచ్చి వదిలారు, ఏళ్ళ తరబడి వేట ఆపేశారు. మంద పెరిగాక ఒక్కో రాష్ట్రం మళ్ళీ సీజన్ తెరిచింది. ఒహాయో 1943లో, ఇండియానా 1951లో, అయోవా 1953లో, ఇల్లినాయ్ 1957లో. ఇప్పుడు దేశం మొత్తం మీద వీటి సంఖ్య సుమారు మూడు కోట్లు అని అంచనా.

అప్పుడు వచ్చిన సమస్య ఇది. ఈ రాష్ట్రాలు చదునైన నేల. మొక్కజొన్న కోశాక మైళ్ళ దూరం అడ్డేమీ ఉండదు. మధ్యమధ్యలో ఇళ్ళు, రోడ్లు. రైఫిల్ గుండు గురి తప్పితే మైళ్ళు పోతుంది. స్లగ్ త్వరగా నేల చేరుతుంది కదా, అదే వాడండి అన్నారు. ఆ విధంగా కరువు రోజుల్లో పేదవాడి అవసరం కోసం పుట్టిన స్లగ్ చట్టం పుణ్యమా అని లక్షలమంది తుపాకుల్లోకి చేరింది. 1959లో ఇతాకా కంపెనీ డీర్‌స్లేయర్ అనే తుపాకి తెచ్చింది. దాని గొట్టం నున్నదే, కానీ స్లగ్ బిగుతుగా పోయేలా కొంచెం సన్నగా తొలిచారు. రైఫిల్‌కు ఉన్నట్టు ముందూ వెనకా గురిచూసే మెట్లు పెట్టారు. 1980ల నుంచి షాట్‌గన్లకే పూర్తిగా గాళ్ళు తీసిన గొట్టాలు, వాటి కోసం ప్లాస్టిక్ తొడుగులో వచ్చే సాబో స్లగ్గులు ప్రచారంలోకి వచ్చాయి. అయినా నున్నటి గొట్టం పోలేదు. ఒకే తుపాకితో అన్ని పనులూ చేసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి.

గురి కుదిరేది ఎలా?

ఇన్నేళ్ళ అనుభవంలో వేటగాళ్ళు నేర్చుకున్నది పెద్ద రహస్యమేమీ కాదు. పై చరిత్ర తెలిస్తే ప్రతి మాటకూ కారణం తెలుస్తుంది.

మొదటిది, నున్నటి గొట్టానికి ఫాస్టర్ రకమో బ్రెన్నెకే రకమో వాడాలి. ఖరీదెక్కువ కదా మంచిదేమో అని సాబో స్లగ్ వేస్తే లాభం లేదు. అది తిరిగితేనే నిలబడుతుంది. తిప్పే గాళ్ళు లేకపోతే పల్టీలు కొడుతుంది. అట్ట మీద గుండ్రటి రంధ్రం బదులు పొడుగు చీలిక కనిపిస్తే అదే గుర్తు.

రెండోది, చోక్ వదులుగా ఉండాలి. సిలిండర్, ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే రకాలు సాధారణంగా సరిపోతాయి. బాగా ఇరుకైన చోక్ స్లగ్‌ను ఎక్కువ నలిపి గురి చెడగొడుతుంది. తూటాల పెట్టె మీద తయారీదారు రాసిన సూచన తప్పకుండా చదవాలి.

మూడోది, గురిచూసే ఏర్పాటు. ఎగిరే పిట్ట మీదికి తుపాకిని ఊపడానికి మూతి మీద ఒక్క పూస చాలు. ఒంటి గుండుకు అది చాలదు. ఒకే చుక్కతో గీత గీయలేం, రెండు చుక్కలు కావాలి. చెంప కొంచెం పైకి లేచినా స్లగ్ ఎత్తుగా పోతుంది. అందుకే వెనక కూడా ఒక మెట్టు ఉండాలి.

నాలుగోది, ప్రతి గొట్టానికీ తన ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఒకే కంపెనీ ఒకే రోజు చేసిన రెండు తుపాకులు కూడా ఒకే స్లగ్‌ను ఒకేలా వేయవు. రెండు మూడు రకాల పెట్టెలు కొని, తుపాకిని ఆసరా మీద పెట్టి, ముందు 25 గజాల్లో, తర్వాత 50 గజాల్లో మూడేసి చొప్పున వేసి చూస్తారు. మూడూ దగ్గరగా పడిన రకాన్నే సీజన్ మొత్తం వాడతారు. 50 గజాల్లో మూడు స్లగ్గులూ నాలుగు అంగుళాల లోపల పడితే నున్నటి గొట్టానికి అది మంచి ఫలితం. మధ్యలో గొట్టానికి పట్టిన సీసం శుభ్రం చేయాలి. తుపాకి తన్ను గట్టిగా ఉంటుంది కాబట్టి భుజం అదిరి కళ్ళు మూసుకునే అలవాటు రాకుండా నెమ్మదిగా వేయాలి.

అయిదోది, అన్నిటికంటే ముఖ్యమైనది, హద్దు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాలు, మనం టిఫిన్ తినే పళ్ళెమంత. ఆ పళ్ళెంలో ప్రతిసారీ వేయగలిగినంత దూరమే ఆ మనిషి దూరం. చాలా నున్నటి తుపాకులకు అది 50 నుంచి 75 గజాలు. 50 గజాలకు సరిచేసిన స్లగ్ 100 గజాల్లో నాలుగైదు అంగుళాలు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగిపోతుంది. హద్దు దాటి పేల్చితే జింక చావదు. పొట్టకో కాలికో తగిలించుకుని పారిపోయి, ఏ పొదలోనో గంటల తరబడి బాధపడి చస్తుంది. గురి అనేది గొప్ప చెప్పుకోవడానికి కాదు, జంతువును హింస పెట్టకుండా ఉండటానికి అని ఇక్కడి పెద్దవాళ్ళు పిల్లలకు నేర్పేది అందుకే. వేట ఇష్టం లేనివాళ్ళం కూడా ఆ ఒక్క మాట ఒప్పుకోవచ్చు.

ఒక నమ్మకం, ఒక నివేదిక

స్లగ్ త్వరగా ఆగిపోతుంది కాబట్టి క్షేమం అనే నమ్మకాన్ని చాలాకాలం ఎవరూ పరీక్షించలేదు. పెన్సిల్వేనియా శాసనసభ కమిటీ ఒకటి 2007లో దీని మీద అధ్యయనం వెలువరించింది. తుపాకిని పైకెత్తి పేల్చితే రైఫిల్ గుండే చాలా దూరం పోతుంది, అందులో అనుమానం లేదు. కానీ నేలకు సమాంతరంగా పేల్చినప్పుడు లావుపాటి స్లగ్ నేలను తాకి ఎగిరి, మొత్తం మీద రైఫిల్ గుండు కంటే కొంచెం ఎక్కువ దూరమే పోగలదని లెక్కల్లో తేలింది. చెరువులో పెంకు వేస్తే కప్పగంతులు వేసినట్టు. అంటే చదును నేల మీద స్లగ్ వాడాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. గురిపెట్టిన జింక వెనక ఏముందో చూసుకోవాల్సిందే.

చట్టాలు కూడా మారాయి. ఇండియానా 2007లో, ఒహాయో 2014లో, అయోవా 2017లో, ఇల్లినాయ్ 2023లో కొన్ని పరిమిత రకాల రైఫిళ్ళను అనుమతించాయి. ఎనభై ఏళ్ళ దాకా నున్నటి గొట్టానికి కంచుకోటగా ఉన్న నేలలో గాళ్ళు మెల్లగా అడుగుపెట్టాయి.

మనవాళ్ళకు రెండు మాటలు

కొందరు మనవాళ్ళు స్నేహితులతో కలిసి సీజన్‌కు వెళ్తున్నారు. వాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. గ్రీన్ కార్డు లేకుండా తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఇక్కడి కేంద్ర చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు అందులో మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకే కదా, ఒక్క నిమిషం పట్టుకుంటే ఏమవుతుంది అనుకోవద్దు. వీసా పోయే సంగతి అది. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి, ఏటేటా మారుతుంటాయి. ముందుగా రాష్ట్ర వన్యప్రాణి శాఖ పుస్తకం చదివి, వీసా విషయం తెలిసిన లాయరును అడిగి అడుగు వేయాలి.

వేటకు వెళ్ళనివాళ్ళకు చెప్పేది కూడా ఉంది. సీజన్ రోజుల్లో అడవి దారుల్లో నడకకు వెళ్తే పిల్లలకు, పెద్దలకు నారింజ రంగు బట్ట ఏదైనా పైన వేయండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆ మోత ఏమిటో ముందే చెప్పండి.

ఆ మోత వినిపించినప్పుడు ఇంకొకటి కూడా గుర్తుచేసుకోవచ్చు. గాళ్ళున్న గొట్టం కొనలేనివాళ్ళు, కొననివ్వనివాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. మన సిపాయిల చేతిలోంచి ఆ గాళ్ళను కావాలనే తీసేశారు. అమెరికా పల్లెల్లో పేదరికం అడ్డొచ్చింది, తర్వాత చట్టం అడ్డొచ్చింది. ఉన్న నున్నటి గొట్టంతోనే పని జరగాలి కాబట్టి ఒకరు గుండుకు తోక తగిలించారు, ఇంకొకరు దాని అడుగు తొలిచారు. ఆ చిన్న మార్పులతోనే తాతల నాటి తుపాకి యాభై గజాల దాకా సూటిగా కొట్టడం నేర్చుకుంది.